కార్డు చెప్పే ఊరూ పేరూ

"సార్, ఆ సందులో మెమరీ కార్డు పెట్టామో వైఫై కార్డు పెట్టామో దానికెలా తెలుస్తుంది?" నా చేతిలోని షార్ప్ జారస్‌ని చూసి ఒక విద్యార్థి అడిగాడు. అరచేతిలో ఇమిడే ఆ లినక్స్ కంప్యూటర్, ఎస్‌ఎల్-5500, 2002 నాటిది. ప్రాసెసర్ 206 మెగాహెర్ట్జ్, ర్యామ్ 64 మెగాబైట్లు. వైఫై లోపల లేదు. కాంపాక్ట్ ఫ్లాష్ స్లాట్‌లో కార్డు పెట్టుకోవాలి. ఏ కార్డు కొనాలో తేల్చేది కూడా ఆ కుర్రాడి ప్రశ్నే.

స్లాట్‌లోకి టార్చి వేసి చూపించాను. లోపల 50 పిన్నులు, రెండు వరసలు. అన్నీ ఒకే పొడవు కావు. కరెంటు, గ్రౌండ్ పిన్నులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ముందు అవే తగులుతాయి. అన్నిటికన్నా పొట్టివి 25, 26 నంబర్లవి. ఒకటి ఈ చివర, ఇంకొకటి ఆ చివర. ఈ రెండూ తగిలాయంటే మిగతావన్నీ అప్పటికే కూర్చున్నట్టే. కార్డు వంకరగా దిగితే ఒకటే తగులుతుంది, యంత్రం పలకదు. రెండు పొట్టి పిన్నులతో ఎంత భరోసా!

రెండూ తగిలాక యంత్రం ఊరూ పేరూ అడుగుతుంది. ప్రతి కార్డులోనూ సీఐఎస్ అనే పట్టిక ఉంటుంది. అందులో ప్రతి వివరానికీ ముందు ఒక కోడ్: ఇది ఏ రకం వివరం అని. పక్కనే ఒక అంకె: దీని పొడవెంత అని. ఆ తర్వాతే అసలు వివరం. హెక్స్ 15 అంటే పేర్లు, హెక్స్ 20 అంటే తయారీదారు సంఖ్య, ఎఫ్ఎఫ్ అంటే ఈ వివరాల గొలుసు అయిపోయిందని. తనకు తెలియని కోడ్ ఎదురైతే యంత్రం కంగారుపడదు. పొడవు చూసుకుని అంత మేరా దాటేసి ముందుకు పోతుంది. పాత యంత్రం కొత్త కార్డును చదవగలిగేది అందుకే.

వైఫై కార్డుల్లోని చిప్‌ల విషయానికొస్తే, ఇక్కడే నాకిష్టమైన పోటీ. ఒకవైపు లూసెంట్ వారి హెర్మిస్ చిప్, మరోవైపు ఇంటర్‌సిల్ వారి ప్రిజం. 1999లో వచ్చిన 802.11బి ప్రమాణంలో 11 మెగాబిట్ల వేగానికి వాడిన సీసీకే పద్ధతిని లూసెంట్, ఇంటర్‌సిల్‌కు ముందున్న హ్యారిస్ కలిసే ప్రతిపాదించాయి. ఈ చిప్‌లు ఎంత దగ్గరివంటే లినక్స్‌లోని ఒరినోకో డ్రైవర్ రెండింటినీ నడిపేది. లూసెంట్ కార్డులూ, పాత ఇంటర్‌సిల్ కార్డులూ చెప్పే సంఖ్య కూడా ఒక్కటే: హెక్స్‌లో 0156, 0002. సంఖ్య కలిసినప్పుడు పేర్ల వరస చదివితేనే ఎవరెవరో తేలుతుంది.

నేను ప్రిజం వైపు. యౌనీ మాలినెన్ రాసిన హోస్ట్‌ఏపీ డ్రైవర్‌తో ప్రిజం కార్డు యాక్సెస్ పాయింట్‌గా కూడా పనిచేస్తుంది. పెట్టె మీది బ్రాండ్ చూసి కొనకండి. ఒకే మోడల్ పేరు కింద లోపలి చిప్ మారిపోవడం ఈ వ్యాపారంలో మామూలే. 50 పిన్నుల కార్డును ల్యాప్‌టాప్‌లోని 68 పిన్నుల స్లాట్‌కు కలిపే చవక అడాప్టర్ దొరికితే, కొనేముందే పెట్టి చూడొచ్చు.

తర్వాత వైఫై బోర్డులోకే వచ్చేసింది, స్లాట్లు పోయాయి. అయినా ఇవాళ్టి యూఎస్‌బీ వైఫై కూడా ముందు తన సంఖ్యే చెబుతుంది.

ఆ కుర్రాడు కార్డు తోసి, కార్డు వివరాలు చూపే 'కార్డ్‌సీటీఎల్ ఐడెంట్' ఆదేశం టైప్ చేశాడు. తెర మీది అక్షరాలు కూడబలుక్కుని చదివి తలెత్తాడు: "ప్రిజం అంటోంది సార్!"