కవరులో దాచిన మూడంకెలు

గుమాస్తాలకు సీలు వేసిన కవరంటే కొంత భయం, కొంత కుతూహలం. ఇరవై యేళ్ళుగా అటువంటివి ఈ బల్ల మీదినుంచి ఆ బల్ల మీదికి చేరవేస్తున్నవాణ్ణి. యూరీ గగారిన్ రోదసీయాత్రలో కూడ అటువంటి కవరొకటి ఉన్నదని చదివేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది.

అది 1961 ఏప్రిల్ 12. నౌక పేరు వోస్తోక్. మనిషి కూర్చునే భాగం బంతివలె గుండ్రన; అడ్డకొలత 2.3 మీటర్లు. నడపడమంతా యంత్రాల పనీ, నేలమీది వారి పనీను. లోపలి మనిషికీ మీటలున్నాయి గాని వాటికి తాళం వేశారు. ఎందుకంటారా? బరువు తెలియని ఆ స్థితిలో మనిషికి మతి చలిస్తేనో అని వైద్యుల అనుమానం. అంతకుముందు కుక్కలు వెళ్ళి వచ్చాయి నిజమే, కాని అవి నోరు విప్పి చెప్పలేవు గదా! అందుచేత తాళం తీసే అంకెలు, 1, 2, 5, ఒక కవరులో పెట్టి నౌకలోనే ఉంచారు. కవరు విప్పి, చదివి, ఆ అంకెలు నొక్కగలిగితే మనిషి స్థిమితంగా ఉన్నట్టు లెక్క.

కాగితం మీద ఏర్పాటు బాగానే ఉంది. తీరా సమయానికి కవరు చేతికందకపోతేనో? ఈ బెంగతోనే కాబోలు, బయలుదేరకముందే ఆ అంకెలను గగారిన్ చెవిన వేశారట. అదీ ఒకరు కాదు, ఒకరికి తెలియకుండా ఒకరు! నౌకను నిర్మించిన ముఖ్య ఇంజనీరు కొరొల్యోవ్ కూడ వారిలో ఒకడంటారు. కచేరీలో పనిచేసిన వారెవరికీ ఇది వింతగా తోచదు.

అసలు గండం మరొకచోట కాచుకొని ఉంది. తిరుగు ప్రయాణంలో వేగం తగ్గించే ఇంజను పనిచేయగానే, యంత్రాలున్న వెనుక భాగం గోళాన్ని విడిచిపోవాలి. విడిపోయింది గాని తీగెలు తెగలేదు. సుమారు పది నిమిషాలు రెండూ కలిసి గిరగిర తిరిగాయి. ఆ సమయంలో గగారిన్ ఇది ప్రమాదకరం కాదని తనలో తాను తేల్చుకొని, అంతా సవ్యమేనని కిందికి సంకేతం పంపాడు. చివరకు గాలి రాపిడి వేడికి తీగెలు కాలి తెగాయి. మతి చలిస్తుందని వైద్యులు శంకించిన మనిషి ఈయనే!

నేలకు 7 కిలోమీటర్ల ఎత్తున ఆయన ఆసనంతో సహా బయటికి వచ్చి, పారాషూటుతో సరాతోవ్ ప్రాంతంలో ఒక పొలంలో దిగాడు. యాత్ర మొత్తం 108 నిమిషాలు. ఆ నారింజరంగు దుస్తులు చూచి, పొలంలో ఉన్న ఒక రైతుస్త్రీ, ఆమె మనుమరాలు మొదట జంకారట.

ఇలా నౌకను విడిచి వేరుగా దిగిన సంగతి సోవియట్ వారు చాలా ఏళ్ళు బయటపెట్టలేదు. నౌకతో సహా దిగితేనే రికార్డు చెల్లుతుందని అంతర్జాతీయ విమానయాన సంఘం నిబంధన మరి. వోస్తోక్‌లోని కవరుతో మాత్రం అవసరమే పడలేదు.