వంటింటి పద్దు

శంషాబాదు దాటి బెంగుళూరు రహదారి పట్టి దక్షిణంగా పోతుంటే పాల్మాకుల గ్రామం తగులుతుంది. సుమారు 5,500 ఎకరాల విస్తీర్ణంలో నిర్మించిన విమానాశ్రయం 2008 మార్చిలో తెరచుకొన్నది మొదలు ఈ పరిసరాలలో భూమి విలువ ఆకాశాన్ని అంటినది. భూమి విలువ పెరిగినచోట పంట తరగడం వింత కాదు. చేలు పెక్కు హద్దురాళ్ళ నడుమ ప్లాట్లుగా మారినవి. ఒకనాడు గాదెలో నుండి, పెరటిలో నుండి వంటింటికి వచ్చిన జొన్నలు, కందులు, కూరలు నేడు కిరాణా కొట్టు నుండి వస్తున్నవి. పండించే ఇల్లు కొనే ఇల్లయినది. ధరల వేడి ఇక్కడ ఇంతగా తగులుటకు మూలం అదే.

ఆదాయం తక్కువైనకొద్దీ అందులో తిండికి పోయే వంతు హెచ్చుతుందని ఎర్నెస్టు ఎంగెల్ అనే జర్మను గణాంకవేత్త 1857లోనే చెప్పినాడు. 2023-24 నాటి గృహవ్యయ సర్వే ప్రకారం మన దేశపు పల్లెలలో ఖర్చయ్యే ప్రతి 100 రూపాయలలో 47, పట్టణాలలో సుమారు 40 తిండికే పోయినవి. తిండి ధరలు పదోవంతు పెరిగితే ఆ 47 దాదాపు 52 కావలె. అద్దె ఆగదు, బడి ఫీజు ఆగదు, బస్సు ఛార్జీ అసలే ఆగదు. కనుక కోత తిండిలోనే పడుతుంది. అది బియ్యం మీద పడదు. 2025 ఏప్రిలు నుండి తెలంగాణలో రేషను కార్డు గల ఇళ్ళకు మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా అందుతున్నది. కోత పడేది పప్పు మీద, పాల మీద. కడుపు నిండుతుంది గాని, ఎదిగే పిల్లలకు కావలసిన మాంసకృత్తులు తగ్గుతవి. పప్పు చారై, చారు నీరై పోయిన వైనం ఏ పద్దులోను కనపడదు.

అన్ని ధరలూ ఒకే తీరున పెరగవు. 2023 జూలైలో హైదరాబాదులో టమాట కిలో 100 రూపాయలు దాటినది. ఆ నెల దేశంలో ఆహార ద్రవ్యోల్బణం 11.51 శాతం. సెప్టెంబరు నాటికి అదే టమాటను కొనే నాథుడు లేక రైతులు పారబోసుకొన్నారు. వేసవి ఎండకు పూత రాలుతుంది. నారు నాటిన రెండు నెలలకు గాని కాయ కోతకు రాదు. ఆ నడుమ నగరమంతా మదనపల్లె లారీల కోసం ఎదురు చూడవలసినదే. ఇంతకూ టమాట మనకు పరదేశపు కాయ. అది రాకమునుపు మన పులుసులు చప్పబడి లేవు. చింతపండుతో పచ్చిపులుసు, తొలకరికి గోంగూర, మామిడి ఒరుగులు ఉన్న ఇల్లు ఆ రెండు నెలలను నవ్వుతూ దాటగలదు. నూనెకు మాత్రం ఇట్టి ఉపాయం లేదు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి అయ్యేదే. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం రాగా పాల్మాకుల పొయ్యి మీద పొద్దుతిరుగుడు నూనె ప్రియమైనది.

ఇక కంది సంగతి. 2016 వరకు ఈ రంగారెడ్డి జిల్లాలోనే ఉండిన తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. పంట చేతికి వచ్చే పుష్య మాఘాలలో ఏడాదికి సరిపడ కొని, పప్పుకు ఆముదం పట్టించి నిలువ చేయడం పాత ఇళ్ళ పద్ధతి. అయితే దానికి ఒక్కమారే డబ్బు కావలె. కూలి డబ్బుతో పావుకిలో చొప్పున కొనే ఇల్లు కిలోకు ఎక్కువ చెల్లిస్తుంది. బీదవానికే సరుకు ప్రియం.

మహిళల పొదుపు సంఘాలు ఇక్కడ అక్కరకు రాగలవు. నెలకు 3 కిలోల చొప్పున ఏడాదికి 36 కిలోలు. కిలో 120 రూపాయలనుకొంటే 4,320. నూటికి నెలకు రూపాయి వడ్డీకి తెచ్చి పన్నెండు సమాన వాయిదాలలో అసలు తీర్చితే వడ్డీ 281 రూపాయలు, అనగా కిలోకు 8 రూపాయల లోపు. బస్తా ధరకూ పావుకిలో పొట్లం ధరకూ నడుమ అంతకు మించిన తేడా ఉంటే అప్పు లాభమే. బడిపిల్లలు వారం వారం కొట్టుధర వ్రాసుకొని ఈ లెక్క వేయవచ్చును.

బస్తా తెచ్చినవారికి పొడిగా ఉన్న ఒక మూల కూడ కావలె. పనులకై వచ్చి ఒంటిగది అద్దెకు తీసుకొన్న సంసారంలో ఆ మూల ఉండదు; వారికి పావుకిలో పొట్లమే గతి.