పెట్రోల్ విశేషాలు: కృష్ణా వంతెన నుంచి కోదాడ దాకా

నల్లగొండ, పాలమూరు వైపు బండి విలాసం కాదు. కూలికి పోవాలన్నా, పత్తి మందు తేవాలన్నా, పిల్లను కాలేజీ దగ్గర దింపాలన్నా బండే. పెట్రోల్ ధర పెరిగిందని ఆ పనులు ఆగవు. ఇంట్లో ఇంకేదో ఖర్చు తగ్గించుకుంటారు, అంతే. అందుకే మనం పోయించుకునే లీటరు ఎక్కడి నుంచి వస్తోంది, అందులో ఎవరి వాటా ఎంత, ఎక్కడ వృథా అవుతోంది అనేవి బండి ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ఒకటే రోడ్డు, మూడు పన్నులు

167వ నంబరు జాతీయ రహదారి రాయచూరు వైపు నుంచి కృష్ణానది దాటి మన నేల మీదికొస్తుంది. మక్తల్, మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరుతుంది. ఆ కొసన కర్ణాటక, ఈ కొస దాటితే ఆంధ్రప్రదేశ్. పెట్రోల్, డీజిల్ జీఎస్టీలో లేవు కనుక మూడు రాష్ట్రాల్లో మూడు పన్నులు. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. ఆంధ్రలో పెట్రోల్ మీద 31 శాతమే అయినా, దానిపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. అన్నీ కలిపితే మనకన్నా ఎక్కువే. 2024 జూన్‌లో పన్ను పెంచిన తరవాత కూడా కర్ణాటకలో మనకన్నా తక్కువే. అప్పుడు హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ 107.41 రూపాయలు, బెంగళూరులో 102.86.

కాబట్టి కోదాడ వైపు ఆంధ్ర బళ్లు మన బంకుల్లో ఆగితే లాభం. మక్తల్ వైపు మన బళ్లు నది దాటితే లాభం. అయితే ఎంత దూరం పోతే లాభం? లీటరుకు నాలుగున్నర రూపాయల తేడా అనుకుందాం. బైకులో 8 లీటర్లు పోయిస్తే మిగిలేది 36 రూపాయలు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి ఆ డబ్బుతో 17 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే బంకు 8 కిలోమీటర్లకన్నా దూరముంటే, పెట్రోల్ కోసమే పోయినవాడికి నష్టం. 35 లీటర్లు పోయించే కారుకు కూడా 13 కిలోమీటర్లు దాటితే ఏమీ మిగలదు. లారీ లెక్క వేరు. 2024 జూన్‌లో డీజిల్ తేడా 6.71 రూపాయలు. 300 లీటర్లు పోయిస్తే రెండు వేల రూపాయలు మిగులుతాయి. సరిహద్దు బంకుల దగ్గర లారీలు బారులు తీరడానికి కారణం ఇదే.

కేంద్రం 8 తగ్గిస్తే ఇక్కడ 9.83

వ్యాట్ శాతంలో ఉంటుంది. పైగా కేంద్రం ఎక్సైజ్ సుంకం కలిపిన తరవాత ఆ మొత్తం మీద పడుతుంది. అందుకే ధర పెరిగినా తగ్గినా మన దగ్గర ఆ మార్పు పెద్దదవుతుంది. 2022 మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 దాకా పద్నాలుగు సార్లు ధర పెంచారు. ఢిల్లీలో పెరిగింది 10 రూపాయలు, హైదరాబాద్‌లో 11.29. లీటరు 119.49కి చేరింది. మే 22న కేంద్రం ఎక్సైజ్ సుంకం 8 రూపాయలు తగ్గించింది. హైదరాబాద్‌లో ధర 9.83 తగ్గి 109.66కి దిగింది. 107.41 రూపాయల లీటరులో రాష్ట్ర వ్యాట్ ఒక్కటే దాదాపు 28 రూపాయలు. వంద రూపాయల పెట్రోల్ పోయించుకునే కూలీ, ఫుల్ ట్యాంక్ కొట్టించే కారు యజమాని ఒకే శాతం కడతారు. ఆదాయాన్ని బట్టి మారని ఈ పన్ను పేదవాడి జేబుకే ఎక్కువ బరువు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

పొద్దున ఆరు గంటలకు

పెట్రోల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో పోయింది, డీజిల్ మీద 2014 అక్టోబర్‌లో. 2017 జూన్ 16 నుంచి దేశమంతా రోజువారీ ధరలు మొదలయ్యాయి. కొత్త ధర పొద్దున ఆరింటికి అమల్లోకి వస్తుంది. అంతకు ముందు మే 1న ప్రయోగంగా మొదలుపెట్టిన ఐదు ఊళ్లలో విశాఖపట్నం ఒకటి. పేరుకు రోజువారీ ధరే. కానీ 2022 మే నుంచి 2024 మార్చి దాకా, దాదాపు 22 నెలలు, హైదరాబాద్ ధర 109.66 దగ్గరే నిలిచిపోయింది. ఆ మధ్యలో ముడిచమురు బాగా దిగినా బంకు బోర్డు కదల్లేదు.

రెండు జిల్లాల బిడ్డ, పెట్రోలియం మంత్రి

2011 జనవరి నుంచి 2012 అక్టోబర్ దాకా కేంద్ర పెట్రోలియం మంత్రి సూదిని జైపాల్ రెడ్డి. ఆయన పుట్టింది నల్లగొండ జిల్లా నెర్మటలో. సొంతూరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని మాడ్గుల. కల్వకుర్తి ఆయన్ను నాలుగుసార్లు అసెంబ్లీకి పంపింది. మహబూబ్‌నగర్, మిర్యాలగూడ రెండూ ఆయన్ను లోక్‌సభకు ఎన్నుకున్నాయి. 2012 మే నెలలో పెట్రోల్ ధర ఒక్కసారిగా ఏడున్నర రూపాయలు పెరిగింది ఆయన హయాంలోనే. మంత్రి మనవాడైనా ధర మన చేతుల్లో ఉండదు. మనం వాడే చమురులో ఎక్కువ భాగం విదేశాల నుంచే రావాలి మరి.

చౌటుప్పల్ పక్కకు చమురు గొట్టం

ఒడిశాలోని పారాదీప్ రిఫైనరీ నుంచి 1,212 కిలోమీటర్ల గొట్టంలో పెట్రోల్, డీజిల్ చౌటుప్పల్ దగ్గరి మల్కాపూర్ దాకా వస్తున్నాయి. 2024 మార్చి 5న సంగారెడ్డిలో ప్రధాని దాన్ని ప్రారంభించారు. ఆ గొట్టం తెలంగాణలో 160 కిలోమీటర్లు సాగుతుంది. కృష్ణపట్నం నుంచి అదే మల్కాపూర్‌కు ఇంకో 425 కిలోమీటర్ల గొట్టానికి 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్‌లో శంకుస్థాపన జరిగింది. గొట్టం వచ్చేది డిపో దాకానే. ఒకే రాష్ట్రంలో ఊరూరికీ ధరలో కొన్ని పైసల తేడా కనిపించడానికి కారణం, డిపో నుంచి బంకుకు ట్యాంకర్ నడిచే దూరం.

ట్యాంకులో ఐదో వంతు

ఇప్పుడు బంకులో దొరికేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. చెరకు మడ్డి, మక్కలు, నూకల నుంచి ఇథనాల్ తీస్తారు. లీటరు పెట్రోల్‌లో ఉన్న శక్తిలో మూడో వంతు దాకా ఇథనాల్‌లో తక్కువ. ఇథనాల్ కలపని పెట్రోల్ కోసం తయారైన కార్లకు మైలేజీ 6 నుంచి 7 శాతం, పాత తరహా బైకులకు 3 నుంచి 4 శాతం పడిపోవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. యాభై ఇచ్చే బండి నలభై ఎనిమిది ఇస్తే మెకానిక్‌ను అనుమానించే ముందు ఇది గుర్తు చేసుకోవాలి. ఇంకో సంగతి: ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. వానలో బండి బయటపెడితే ట్యాంకు మూత రబ్బరు పగిలిందేమో చూసుకోవాలి.

ఈ ఇథనాల్‌కు మన వైపు ఇంకో ముఖం ఉంది. నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరు దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తే, గాలి, నీళ్లు పాడవుతాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడారు. 2023 అక్టోబర్‌లో అది పోలీసులతో ఘర్షణ దాకా పోయింది. విదేశీ చమురు తగ్గించడం మంచి పనే. ఆ భారం ఏ ఊరి వాగు మీద పడుతోందో కూడా లెక్కలో ఉండాలి.

ఐదు లీటర్ల డబ్బా

కొలత మీద అనుమానం వస్తే బంకులో ఐదు లీటర్ల కొలత డబ్బా అడగండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఆ లోహపు డబ్బా ప్రతి బంకులో ఉండాలి. ముందు ముద్ర, దాని తేదీ చూడాలి. డబ్బాను సమతలంగా ఉన్నచోట పెట్టి, మీటరు సున్నా మీదుండగా సరిగ్గా ఐదు లీటర్లు పట్టమనాలి. నురగ దిగేదాకా ఆగి, మెడ దగ్గరి గీత చూడాలి. 25 మిల్లీలీటర్ల దాకా తేడా చెల్లుతుంది, అంతకు మించి తక్కువైతే ఫిర్యాదు చేయవచ్చు. కల్తీ అనుమానముంటే ఫిల్టర్ కాగితం అడగొచ్చు. దాని మీద వేసిన పెట్రోల్ చుక్క మరక లేకుండా ఆరిపోవాలి. గాలి, తాగునీళ్లు, మరుగుదొడ్డి ఉచితం. ఫిర్యాదు పుస్తకం అడిగితే ఇవ్వాలి.

వందకు బదులు నూట పది రూపాయలకు పోయించుకుంటే ఎక్కువ వస్తుందన్న నమ్మకంలో నిజం లేదు. ఏ మొత్తం నొక్కినా యంత్రం కొలిచే తీరు ఒకటే. నల్లగొండ ఎండలకు పొద్దున్నే పోయిస్తే చిక్కటి పెట్రోల్ వస్తుందంటారు. వేడికి పెట్రోల్ వ్యాకోచించడం నిజమే, డిగ్రీకి వెయ్యింట ఒక వంతు. కానీ బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది. పొద్దటికీ మధ్యాహ్నానికీ దాని వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. బండిని నీడన పెట్టడమే మేలు.

దుమ్ము, గాలి, కాలు

పెట్రోలియం పొదుపు కోసం 1978లో ఏర్పడిన పీసీఆర్‌ఏ ఎప్పటి నుంచో చెప్పే మాట గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం. వేగం రెట్టింపైతే ఎదురుగాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. నాలుగు వరసల హైవే మీద ఎనభై దాటితే పెట్రోల్ అక్కడే పోతుంది. మన మట్టిరోడ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది. పాత కార్బురేటర్ బండిలో అది నేరుగా మైలేజీ తినేస్తుంది. ఇక వెనక బ్రేకు మీద కాలు ఆనించి నడపడం చాలామందికి తెలియని అలవాటు. పది నిమిషాలు నడిపాక బ్రేకు డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టండి, ముట్టుకోకుండానే సెగ తగిలితే మీ పెట్రోల్ అక్కడ కాలుతోంది.

బస్సు, కరెంటు

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. భార్యాభర్తలు ఒకే బండి మీద పోయే ఇళ్లలో ఖర్చు లెక్కే మారింది. షేర్ ఆటోవాళ్లకు గిరాకీ తగ్గిన మాట కూడా అంతే నిజం. వాళ్ల ఇంధన ఖర్చు మాత్రం తగ్గలేదు.

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023 మే 6న పునాది పడింది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అని ప్రకటించారు. ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 దాకా మాఫీ చేస్తూ 2024 నవంబర్‌లో రాష్ట్రం ఉత్తర్వు ఇచ్చింది. ఎలక్ట్రిక్ స్కూటర్ వంద కిలోమీటర్లకు సుమారు మూడు యూనిట్లు తింటుంది. అదే దూరానికి బైకుకు రెండు లీటర్లు, రెండు వందల పైచిలుకు రూపాయలు. కొనే ముందు మాత్రం బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో కాగితం మీద చూసుకోవాలి. మన ఎండల్లో బండి నిలబెట్టి వచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకుండా, నీడన కాసేపు చల్లారనివ్వాలి. వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది.