ఏమీ తెలియదని ఎవరన్నారు?

"మీ అమ్మ పేరేంటి బిడ్డా?"

"అమ్మ."

"మీ ఊరేది?"

"మా ఊరే."

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర జరుగుతున్న రోజులవి. ఆ దగ్గరి పల్లెలో ఒక విశ్వాసి ఇంట మరణం సంభవిస్తే ఆదరణ చెప్పడానికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో జనం మధ్య చిక్కుకుని మేడారంలో ఆగిపోయాం. తప్పిపోయినవారి కోసం వేసిన పందిరి నీడలో నిలబడ్డాం. నాలుగేళ్ల పాపకూ, అక్కడ సేవ చేస్తున్న యువకుడికీ మధ్య నడిచిన సంభాషణ ఇంతే. అతను కాగితం మీద 'పాపకు ఏమీ తెలియదు' అని రాసుకుని, గౌను రంగు చెబుతూ మైకులో పిలవడం మొదలుపెట్టాడు.

గంట తరువాత ఒక తల్లి ఏడుస్తూ పరుగున వచ్చింది. ఆమె ఇంకా గుంపు అవతలే ఉంది. మాకు మనిషి కనబడలేదు, గొంతు మాత్రమే వినబడింది. పాప ఒక్క ఉదుటున లేచి ఆ గొంతు వైపు పరుగెత్తింది. 'ఏమీ తెలియదు' అని రాసిన కాగితం బల్ల మీద అలాగే ఉంది.

ఆ కాగితం మమ్మల్ని చాలాకాలం వెంటాడింది. తెలియడం అంటే ఏమిటి? పేరు చెప్పగలగడమా? అడిగినదానికి జవాబివ్వడమా? పైన స్తంభాల మీది కెమెరాలు ఆ పాపనూ చూశాయి, ఆ తల్లినీ చూశాయి. ఇద్దరి బొమ్మలూ వాటిలో ఉన్నాయి. అయినా ఫలానా బిడ్డ ఫలానా తల్లిదని వాటికి తెలుసని అనగలమా?

మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే ఈ జాతరను 1996లో ప్రభుత్వం రాష్ట్ర పండుగగా గుర్తించింది. కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కోయ పూజారులు గద్దెలకు తీసుకొస్తారు. వారి విశ్వాసం వారిది, మన విశ్వాసం మనది. అయితే తెలియడం అనే విషయంలో కోయ సోదరుల నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది.

సమ్మక్క సారలమ్మల చరిత్రను డోలి వాయిస్తూ కోయ భాషలోనూ తెలుగులోనూ పాడిన సకిని రామచంద్రయ్య గారు మణుగూరు దగ్గరి కూనవరం వాసి. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. అది పుస్తకం తెరిచి చదివే చరిత్ర కాదు, తరతరాలుగా నోటి మాటగా వచ్చినది. అలాంటి పాటను మనం సెల్‌ఫోన్‌లో రికార్డు చేశామనుకుందాం. ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఫోను దాన్ని మళ్లీ వినిపిస్తుంది. మరి ఫోనుకు ఆ చరిత్ర తెలుసా? మధ్యలో ఆపి "తాతా, ఆ గుట్ట ఎటువైపు?" అని పిల్లవాడు అడిగితే పాడే మనిషి ఆగి చేయెత్తి చూపుతాడు. చరణం తప్పితే నొచ్చుకుని సరిదిద్దుకుంటాడు. ఫోను తప్పు పాడదు, తప్పు రికార్డయితే నొచ్చుకోదు. దానికి తప్పూ ఒప్పూ ఒకటే.

నేటి కంప్యూటర్లు ఫోనులా పాత పాటే పాడవు, అడిగిన ప్రశ్నకు కొత్త జవాబు రాసిస్తాయి కదా అని మీరనవచ్చు. ఈ ప్రశ్న గురించే 1980లో జాన్ సెర్ల్ అనే అమెరికా తత్వవేత్త ఒక ఉపమానం చెప్పాడు. ఆయన చైనా భాషతో చెప్పినదాన్ని మనం కోయ భాషతో చెప్పుకుందాం. కోయ మాట ఒక్కటీ రాని మనిషిని గదిలో కూర్చోబెట్టారు. తలుపు సందులోంచి కోయలో ప్రశ్నలున్న చీటీలు వస్తాయి. 'ఈ గుర్తులు వస్తే ఆ గుర్తులు రాసి పంపు' అని చెప్పే పెద్ద పుస్తకం అతని దగ్గరుంది. అతను అలాగే రాసి పంపుతాడు. బయట ఉన్నవారు "లోపలి మనిషికి మన భాష ఎంత బాగా వచ్చు!" అని మురిసిపోతారు. లోపలి మనిషికి మాత్రం ఒక్క ముక్కా అర్థం కాలేదు. మనిషికి రాకపోయినా, మనిషీ పుస్తకమూ గదీ కలిసిన మొత్తానికి భాష వచ్చినట్టే అని వాదించినవారున్నారు. ఆ వాదం నేటికీ తెగలేదు. కానీ జవాబు సరిగా ఉన్నంత మాత్రాన తెలిసినట్టు కాదన్న హెచ్చరిక మాత్రం మనకు అక్కరకొస్తుంది.

అలాగైతే స్పృహ ఉంటేనే తెలివి ఉన్నట్టా? ఇక్కడ తొందరపడకూడదు. గాఢనిద్రలో ఉన్నవాడికి తన తల్లి పేరు తెలియదని ఎవరూ అనరు. గ్రీకు తత్వవేత్త ప్లేటో దీనికి పక్షుల గూడును పోలికగా చెప్పాడు. గూట్లో ఉన్న పక్షి మన చేతిలో లేకపోయినా మనదే.

ఇంకా ఆశ్చర్యమైన సంగతి 1974లో బయటికొచ్చింది. మెదడులో చూపుకు సంబంధించిన భాగం కొంత శస్త్రచికిత్సలో తొలగించిన ఒక రోగిని లారెన్స్ వైస్‌క్రాంట్జ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు పరీక్షించారు. తన చూపులో ఒక పక్క ఏమీ కనబడటం లేదని ఆ రోగి చెప్పాడు. "కనబడకపోతే పోనీ, వెలుగు ఎక్కడ మెరిసిందో ఊహించి వేలు చూపు" అన్నారు. ఊరకే ఊహిస్తున్నానని అతననుకున్నాడు, కానీ వేలు చాలాసార్లు సరైన చోటికే వెళ్లింది. తెలుసన్న సంగతి తనకే తెలియని ఎరుక కూడా మనిషిలో ఉంటుందన్నమాట.

కనుక మనం రెండు విధాలుగా పొరబడగలం. అప్పజెప్పగలిగే ప్రతిదానికీ తెలుసని అనుకోవడం ఒకటి. అప్పజెప్పలేనివారికి ఏమీ తెలియదని తీర్పు చెప్పడం రెండోది. ముప్పై ఏళ్ల సేవలో మేము ఈ రెండూ చేశామని ఒప్పుకోవాలి.

మొదటిది మా విశ్వాస పాఠాల తరగతిలో జరిగింది. ఒక కుర్రవాడు ప్రశ్నోత్తరాలన్నీ గుక్కతిప్పకుండా అప్పజెప్పాడు. మెచ్చుకుని ముందు వరుసలో కూర్చోబెట్టాం. తరువాత వరుస మార్చి మధ్యలో ఒక ప్రశ్న అడిగితే తడబడి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. తప్పు పిల్లవాడిది కాదు, అప్పగింతనే ఎరుక అనుకున్న మాది.

రెండోది ఇంతకంటే బాధాకరం. మా సంఘంలో ఎనభై దాటిన ఒక అవ్వకు మతిమరుపు ముదిరింది. "అయ్యగారూ, మా అమ్మకు నా పేరే యాదికి లేదు. ప్రభువు బల్ల అంటే ఆమెకేం తెలుస్తది?" అని కొడుకు కన్నీళ్లతో అడిగాడు. ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు రాసిన మాట (1 కొరింథీ 11:28) మాకు గుర్తొచ్చింది. ఆమె తన్ను తాను ఎలా పరీక్షించుకోగలదు? అందుకే దాదాపు ఏడాదిపాటు రొట్టె పళ్లెం ఆమె ముందు నుంచి ఆగకుండా సాగిపోయింది. మేము కాగితం మీద రాయలేదు గాని, ఆమె పక్కన మేమూ 'ఏమీ తెలియదు' అనే రాసుకున్నాం.

మేడారం నుంచి తిరిగొచ్చాక మళ్లీ బైబిలు తెరిచాం. ఎరుగుట అనే అర్థంలో హెబ్రీ భాషలో 'యాదా' అనే మాట వాడతారు. సమాచారం కలిగి ఉండటానికే కాదు, ఒకరినొకరు దగ్గరగా ఎరగడానికి, ఒకరి బాధ్యత తీసుకోవడానికి కూడా అదే మాట. ఎద్దు తన యజమానిని ఎరుగును గాని తన ప్రజలు ఎరుగరని దేవుడు యెషయా ద్వారా నొచ్చుకున్నాడు (యెషయా 1:3). ఎద్దు ఏ ప్రశ్నకు జవాబు చెప్పింది? ప్రభువు పేరున ప్రవచించి అద్భుతాలు చేశామని లెక్క చెప్పినవారితో, మిమ్మల్ని నేనెన్నడూ ఎరుగనని ప్రభువే అంటాడు (మత్తయి 7:22, 23). వారికి మాటలన్నీ వచ్చు, లేనిది ఎరుక.

గలతీయులకు రాసేటప్పుడు పౌలు ఒకచోట తన మాటను తానే సవరించుకున్నాడు. మీరు దేవుని ఎరిగినవారు అని మొదలుపెట్టి, వెంటనే దాన్ని తిప్పి, దేవుడే మిమ్మల్ని ఎరిగియున్నాడు అన్నాడు (గలతీ 4:9). రక్షణ మన జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఉంటే వృద్ధాప్యంలో అది మనలో ఎందరి దగ్గర మిగులుతుంది? ఆ పందిరిలో పాప తల్లి పేరు చెప్పలేకపోయింది, కానీ తల్లికి పాప తెలుసు. ఆమె వెతుక్కుంటూ వచ్చింది కాబట్టే పాప ఇల్లు చేరింది.

ఆ మరుసటి నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం తీసుకుని అవ్వ దగ్గరికి మేమే వెళ్లాం. పేరు పెట్టి పిలిచాం, పలకలేదు. రొట్టె ముక్క ఆమె ముందుకు చాచాం. కొంతసేపు దాని వంకే చూసింది. తరువాత వణుకుతున్న చేత్తో చీర కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులూ దోసిలి పట్టింది. చిన్ననాటి నుంచి ప్రతి ప్రార్థనలో చేసినట్టే చేసింది. పక్కనున్న కొడుకు ముఖం కప్పుకున్నాడు.

ఆమెకు ఏం తెలిసిందో మేము చెప్పలేం. అది చేతులకు పట్టిన అలవాటేనని డాక్టర్లు అనవచ్చు. పేర్లు మరిచిపోయాక కూడా పాటలూ అలవాట్లూ చాలాకాలం నిలుస్తాయని వారే చెబుతారు. కానీ ఆమెకేమీ తెలియదని తీర్పు చెప్పే అధికారం మాకు లేదని ఆ రోజు గ్రహించాం. ఏడాదిపాటు ఆమెను దాటిపోయినందుకు ఆ కుటుంబాన్ని క్షమాపణ అడిగాం.

మీ ఇంట్లోనూ పేరు మరిచిపోయిన అమ్మో, మాట పడిపోయిన నాన్నో, బుద్ధి ఎదగలేదని పక్కన కూర్చోబెట్టిన బిడ్డో ఉండవచ్చు. వారిని మందిరానికి తీసుకురండి. వారి దగ్గర కూర్చుని వారికి తెలిసిన కీర్తనే పాడండి. వారు మిమ్మల్ని గుర్తుపట్టకపోతే బాధపడకండి. మీరు వారిని ఎరుగుదురు. వారినీ మిమ్మల్నీ ఎరిగినవాడు ఇద్దరినీ వెతుక్కుంటూ వస్తాడు.