పాత స్కౌటు దుస్తుల వయసు తేల్చేదెలా?
చిహ్నాలలో దాగిన ఉపఖండ చరిత్ర

తాతగారి ట్రంకుపెట్టెలో ఖాకీ చొక్కా, మెడ రుమాలు కనిపిస్తే అవి స్వాతంత్య్రానికి పూర్వపు స్కౌటు దుస్తులేనని కుటుంబ సభ్యులు నమ్మడం సహజం. అయితే ఖాకీ రంగు ఒక్కటే వాటి వయసును నిర్ధారించజాలదు. చొక్కాపై కుట్టిన చిహ్నాలు, అక్షరాలే అందుకు ప్రధాన ఆధారం.

భారత్‌లో స్కౌటు ఉద్యమం 1909లో బెంగుళూరులో ప్రారంభమైంది. తొలి దళాలలో భారతీయ బాలురకు ప్రవేశం లేకపోవడంతో వేరు సంఘాలు వెలిశాయి. మద్రాసులో అనీ బిసెంట్ నెలకొల్పిన సంఘం టోపీకి బదులు తలపాగాను స్వీకరించింది. ఇది 1921లో బ్రిటిష్ సంఘంలో విలీనమైంది. మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ ప్రభృతులు 1918లో స్థాపించిన సేవా సమితి సంఘం మాత్రం విడిగానే కొనసాగింది. 1938లో హిందుస్థాన్ స్కౌట్ సంఘం ఏర్పడింది. చివరకు 1950 నవంబరు 7న ఈ సంస్థల విలీనంతో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అవతరించింది.

కనుక ఆ సంస్థ పేరు గాని, అశోక చక్రంతో కూడిన దాని చిహ్నం గాని ఉన్న దుస్తులు 1950కి ముందువి కాజాలవు. రాష్ట్రపతి స్కౌటు బ్యాడ్జీకీ ఇదే వర్తిస్తుంది. అయితే 'హిందుస్థాన్' అన్న పేరును చూసి తొందరపడరాదు. ఆ పేరుతో నేడు మరొక సంస్థ పనిచేస్తున్నది.

బ్రిటిష్ కాలపు బ్యాడ్జీలపై కిరీటం ఆకారం కూడా కీలకమే. రాజుల కాలంలో కిరీటం కమానులు గుండ్రంగా పైకి లేచి ఉండేవి. 1952లో ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కిన తరువాత వచ్చిన నమూనాలో అవి మధ్యలో కిందికి వంగి ఉంటాయి. అప్పటికే భారత్ గణతంత్రమైనందున రెండో తరహా కిరీటం ఇక్కడి దళానిది అయ్యే అవకాశం లేదు.

పొరుగు దేశాల విషయంలో పేర్లే తేదీలు. పాకిస్తాన్ స్కౌటు సంఘం 1947లో ఏర్పడింది. 'సిలోన్' అన్న పేరు 1972లో శ్రీలంకగా మారింది. 'బంగ్లాదేశ్' అని ఉన్న బ్యాడ్జీ 1971కి పూర్వపుది కాజాలదు.

గుడ్డ కూడా సాక్ష్యమిస్తుంది. పాలియెస్టర్ నూలును బ్రిటన్‌లో 1941లో కనుగొన్నారు. అది కలిసిన చొక్కా అంతకు ముందుది కాదు. దర్జీ చీటీపై పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతిదని అర్థం.

దుస్తులపై అన్నిటికంటే కొత్త ఆధారాన్నే ప్రమాణంగా తీసుకోవాలన్నది మూలసూత్రం. పాత బ్యాడ్జీని కొత్త చొక్కాపై కుట్టడం సులభం. కుట్టు రంధ్రాలు, బ్యాడ్జీ అడుగున వెలిసిపోని రంగు ఆ మార్పును పట్టిస్తాయి. చొక్కాను ఉతికినా, బ్యాడ్జీని విప్పినా ఈ ఆనవాళ్లు చెరిగిపోతాయి. అందువల్ల పెట్టెలో దొరికిన దుస్తులను శుభ్రపరిచేందుకు తొందరపడక, ముందుగా ఉన్నవున్నట్లుగా ఫొటోలు తీసి ఉంచడం శ్రేయస్కరం.