ఇంటి నీటి గొట్టములు – మరమ్మతులు

నూతినుండి చేదతో నీరు తోడుకొనిన కాలములో త్రాడు తెగుట, గిలక అరుగుట తప్ప ఇంటివారికి వేరు చిక్కులు ఎక్కువగా లేవు. నేడు మిద్దెపై ట్యాంకు, గోడలలో గొట్టములు, గదిగదికి కుళాయిలు ఏర్పడినవి. నీరు చేతికందుట సులభమైనది. కాని అది వచ్చు దారి కంటికి కనబడకుండ పోయినది. ఆ దారిలో ఏర్పడు లోపములను గుర్తించుటకు ఉన్నత పాఠశాలలో నేర్పు భౌతిక, రసాయన శాస్త్ర సూత్రములే చాలును. ఏ పని మనము చేయవచ్చునో, ఏ పనికి ప్లంబరును పిలువవలెనో కూడ వానివలననే తెలియును.

కుళాయి కారుట

నీటి పీడనము నీటి మట్టము ఎత్తుపై ఆధారపడును గాని ట్యాంకు పరిమాణముపై కాదు. 10 మీటర్ల ఎత్తుగల నీటి స్తంభము ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలోగ్రాము బరువు మోపును. అందువలన పై అంతస్తు కుళాయిలో ధార సన్నముగాను, క్రింది అంతస్తులో బలముగాను ఉండును. ఇది లోపము కాదు. చిన్న ట్యాంకు తీసి అదే ఎత్తులో పెద్దది పెట్టినంత మాత్రమున ధార పెరుగదు.

మరతో తిరుగు కుళాయిలో వాషరు అను చిన్న రబ్బరు బిళ్ళ ఇత్తడి రంధ్రముపై అదుముకొని నీటిని ఆపును. ఈ బిళ్ళ కాలక్రమమున గట్టిపడి అరిగిపోవును. అప్పుడు కుళాయి కారును. చాలమంది బలముకొద్ది బిగింతురు. దానివలన బిళ్ళ మరింత తెగుటయే గాక, ఇత్తడి అంచు కూడ పాడగును. ముందుగా గొట్టముపై నున్న వాల్వును మూసి, మిగిలిన నీరు వదలి, కుళాయి తల విప్పి, అదే కొలతగల క్రొత్త వాషరు వేయవలెను. అప్పటికిని కారినచో ఇత్తడి అంచులో గుంట పడినదన్న మాట. అది ప్లంబరు పని.

సెకనుకొక బొట్టు కారిన రోజుకు 86,400 బొట్లు. 20 బొట్లు ఒక మిల్లీలీటరు అనుకొన్నను రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా నీరు పోవును. విద్యార్థులు కారు కుళాయి క్రింద 10 నిమిషములు కొలజాడి నుంచి, వచ్చిన నీటిని 144 చే హెచ్చించినచో ఒక రోజు నష్టము తెలియును.

తూము పూడుట

వంటింటి తొట్టి క్రింద గొట్టము ఒకచోట వంగి యుండును. ఆ వంపులో ఎల్లప్పుడును కొంత నీరు నిలిచి, మురుగు కాలువలోని దుర్వాయువులు ఇంటిలోనికి రాకుండ అడ్డుపడును. 1775లో లండనులో అలెగ్జాండర్ కమింగ్ అను గడియారముల పనివాడు మరుగుదొడ్డికి ఇట్టి వంపును చేర్చి పేటెంటు పొందెను. వేసవిలో ఇల్లు మూసి ఊరికి పోయినప్పుడు ఈ నీరు ఆవిరియై దుర్వాసన రావచ్చును. తూములో చెంబెడు నీరు పోసిన చాలును.

నూనె, మెతుకులు, వెంట్రుకలు చేరి తూము పూడినచో రబ్బరు గిన్నెగల కర్రతో అదిమి లాగవలెను. నీరు నొక్కినను కుదించుకొనదు గనుక ఆ ఒత్తిడి అడ్డంకిని తాకి దానిని కదల్చును. లేనిచో క్రింద బకెట్టు పెట్టి వంపును విప్పి కడుగవచ్చును. కాని ఆమ్లమును, బ్లీచింగు పొడిని కలిపి పోయరాదు. వానినుండి క్లోరిన్ వాయువు వెలువడును. 1915లో బెల్జియంలోని ఈప్ర్ వద్ద యుద్ధరంగమున ప్రయోగింపబడినది ఈ విషవాయువే.

ఒక తూము మాత్రమే పూడిన లోపము దగ్గరలోనే యున్నది. ఇంటిలోని తూములన్నియు ఒకేసారి పొంగినచో లోపము పెద్ద మురుగు గొట్టములో ఉండును. దానిని యంత్రములతో శుభ్రము చేయు పనివారిని పిలువవలెను. మురుగు గుంటలోనికి ఎవరిని గాని దింపరాదు. అందులోని హైడ్రోజన్ సల్ఫైడు క్షణములలో స్పృహ తప్పించును. పైగా అది అధికముగా నున్నప్పుడు వాసన పట్టు శక్తినే చంపును. కావున వాసన లేదని ధైర్యపడరాదు. రక్షణ సాధనములు లేకుండ మనుషులచే ఇట్టి పని చేయించుటను 2013 నాటి చట్టము నిషేధించినది.

కంటికి కనబడని లోపములు

గోడ చెమ్మగిల్లినచో రాత్రి కుళాయిలన్నియు మూసి ట్యాంకు మట్టమును గుర్తుపెట్టవలెను. ఎవరును వాడకుండ, నీరు ఎక్కింపకుండ ఉదయమునకు మట్టము తగ్గినచో ఎక్కడనో కారుచున్నదన్న మాట. ఆ గోడలోనే విద్యుత్తు తీగలు ఉండవచ్చును. తగిన పనివారు వచ్చి చూచువరకు ఆ భాగమునకు విద్యుత్తు నిలిపివేయుట మేలు. వేడినీటి గీజరు విషయమును అంతే.

అన్నిటికంటె ప్రమాదకరమైనది వీధి గొట్టము పగులు. పురపాలక సంఘముల నీరు పెక్కు ఊళ్ళలో కొన్ని గంటలు మాత్రమే వచ్చును. నీరు వచ్చునప్పుడు లోపలి పీడనము ఎక్కువ గనుక నీరు బయటికి కారును. సరఫరా ఆగిన పిమ్మట పీడనము పడిపోగా, ప్రక్క కాలువలోని మురుగు అదే పగులు గుండ లోనికి చొచ్చును. గొట్టమునకు నేరుగా మోటారు తగిలించి లాగిన ఈ అపాయము మరింత హెచ్చును. కలరా, టైఫాయిడు, కొన్ని రకముల కామెర్లు ఇట్టి నీటివలననే వ్యాపించును. నీటికి రంగుగాని వాసనగాని కలిగినచో దానిని త్రాగక, వెంటనే పురపాలక కార్యాలయమునకు తెలుపవలెను. నీరు తేటగా నున్నను సూక్ష్మజీవులు ఉండవచ్చును గనుక, సందేహము కలిగినప్పుడు మరగ కాచియే త్రాగవలెను.

కంటికి కనబడుచు, వాల్వు మూసిన ఆగిపోవు లోపమును ఇంటివారే సరిచేసికొనవచ్చును. గోడలో, భూమిలో, మురుగులో, విద్యుత్తు దాపున ఉన్న లోపమును పని నేర్చినవారికి అప్పగింపవలెను. ఇంటి వాల్వు ఎక్కడ నున్నదో పిల్లలతో సహా అందరికిని తెలిసియుండుట మొదటి జాగ్రత్త.