పళ్ల నమూనాలు పోస్టులో: ఇంటి నుంచి ఒక చిన్న వ్యాపారం

పిల్లలకు ఆరేళ్లు వచ్చేసరికి వాళ్ల నోట్లో చడీచప్పుడు లేకుండా ఒక మార్పు జరుగుతుంది. పాలపళ్ల వరుసకు అన్నిటికంటే వెనక ఒక కొత్త దవడపన్ను వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు. అందుకే చాలా ఇళ్లలో దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా "ఎలాగూ ఊడిపోయేదే కదా" అని వదిలేస్తారు. నిజానికి అది శాశ్వత దంతం, పోతే మళ్లీ రాదు. డాక్టరుగారు ఈ మాట నోటితో ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండకపోవచ్చు. అదే ఒక దవడ నమూనా చేతికిచ్చి "ఇదిగో, ఇవి పాలపళ్లు. వీటి వెనక ఉన్నది శాశ్వతం" అని చూపిస్తే అమ్మకీ అర్థమవుతుంది, పక్కన కూర్చున్న పిల్లాడికీ అర్థమవుతుంది.

ఇలాంటి నమూనాలు పళ్ల క్లినిక్కులకు, బి.డి.ఎస్. విద్యార్థులకు, బడుల్లోని సైన్స్ ల్యాబులకు అవసరమవుతాయి. పళ్లను విడిగా తీసి పెట్టే టైపోడాంట్లు ఖరీదైనవి. చవకగా దొరికే ప్లాస్టిక్ బొమ్మల్లో పళ్ల ఆకారం నమ్మేలా ఉండదు. ఈ రెండింటి మధ్యా చిన్నపాటి చోటు ఉంది. మన తల్లిదండ్రుల్లో బి.డి.ఎస్. చదివి పిల్లల కోసం ప్రాక్టీసు ఆపినవారు, డెంటల్ ల్యాబుల్లో పనిచేసినవారు, బొమ్మలు చేసే చెయ్యి ఉన్నవారు ఉన్నారు. "ఇంట్లో చేసి పోస్టులో పంపుకోవచ్చా?" అని అడిగేవారి కోసం ఈ వ్యాసం. పంపుకోవచ్చు. అయితే పోత పోయడం ఇందులో సులువైన పని. డబ్బు పోయేది దానికి ముందూ, ఆ తర్వాతా.

మొదట ఒకే ఒక్క నమూనా

మొదలుపెట్టేవాళ్లు చేసే పొరపాటు కేటలాగు పెంచుకోవడం. పాలపళ్ల సెట్టు, పెద్దవాళ్ల సెట్టు, పుచ్చు దశలు, క్లిప్పులు వేసిన దవడ అంటూ పది రకాలు అనుకుంటారు. పది రకాలంటే పది అచ్చులు, పదిసార్లు తప్పులు దిద్దుకోవడం. నా సలహా అడిగితే, ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల దవడ ఒక్కటే చేయండి. అందులో పాలపళ్లూ శాశ్వత దంతాలూ కలిసి ఉంటాయి. పిల్లల డాక్టర్లు రోజూ వివరించాల్సిన వయసు అది. అసలు పరిమాణానికి రెండు మూడు రెట్లు పెద్దదిగా చేస్తే చెక్కడం తేలిక, తరగతి గదిలో వెనక బెంచీకి కూడా కనబడుతుంది.

పెద్దదిగా చేయడానికి ఇంకో కారణం ఉంది. ఏదో కంపెనీ నమూనా కొని, దాని మీద సిలికాన్ పోసి అచ్చు తీసేయాలనే ఆశ చాలామందికి కలుగుతుంది. అది ఇంకొకరి డిజైను. 2000 నాటి డిజైన్ల చట్టం కింద అది రిజిస్టరై ఉంటే కోర్టు దాకా పోవచ్చు. మీ మైనంతో మీరే చెక్కుకుంటే ఆ బెడద ఉండదు. అలాగే ఏ క్లినిక్కులోనో తీసిన ఒక పేషెంటు పళ్ల అచ్చును అడిగి తెచ్చుకోవడం, ఊడబెరికిన నిజం పళ్లను అమ్మడం వద్దు. మొదటిది ఆ పేషెంటు అనుమతి లేకుండా వాడకూడనిది. రెండోది ఆస్పత్రి వ్యర్థాల నిబంధనల కిందకి వస్తుంది. విద్యార్థులు అడుగుతారు, మొహమాటపడకుండా లేదనండి.

పన్ను తప్పితే

నమూనా చూసి నేర్చుకునేవాళ్లు దాన్నే నిజమనుకుంటారు. కాబట్టి అచ్చు తీయకముందే పళ్లు లెక్కపెట్టాలి. పాలపళ్లు 20, శాశ్వత దంతాలు 32. పాలపళ్లలో అగ్రచర్వణకాలు ఉండవు. కుంతకాలు, రదనికలు, చర్వణకాలు మాత్రమే ఉంటాయి. బజారు బొమ్మల్లో తరచూ కనిపించే తప్పు ఇక్కడే, పెద్దవాళ్ల దవడనే చిన్నది చేసి "పాలపళ్లు" అని పేరు పెట్టేస్తారు. కింది మొదటి శాశ్వత చర్వణకానికి మామూలుగా అయిదు కొనలు, రెండు వేర్లు ఉంటాయి. పైదానికి మూడు వేర్లు. మీ నమూనాలో వేర్లు చూపిస్తుంటే ఈ తేడా బి.డి.ఎస్. మొదటి సంవత్సరం విద్యార్థి క్షణంలో పట్టేస్తాడు, ఎందుకంటే మైనంలో పళ్లు చెక్కడం వాళ్ల ప్రాక్టికల్స్‌లో భాగం.

పళ్లకు అంకెలు వేస్తే మన దేశంలో కాలేజీలు వాడే రెండంకెల పద్ధతినే వేయండి. ఆరేళ్లకు వచ్చే నాలుగు శాశ్వత చర్వణకాల అంకెలు 16, 26, 36, 46. పాలపళ్ల అంకెలు 51 నుంచి 85 మధ్య ఉంటాయి. మైనం నమూనా పూర్తయ్యాక డెంటిస్టు ఒకరికి చూపించి, ఆ చూసినందుకు ఫీజు ఇవ్వండి. ఊరికే చూడమంటే "బాగుందండీ" అంటారు. ఫీజు ఇస్తే తప్పులు చెబుతారు.

పిండి, నీళ్లు, ఆరబెట్టడం

మామూలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, డెంటల్ స్టోన్ రెండూ జిప్సమ్ జాతివే. తేడా రేణువుల్లో ఉంది. స్టోన్ రేణువులు గట్టిగా ఉంటాయి కాబట్టి తక్కువ నీరు సరిపోతుంది. 100 గ్రాముల ప్లాస్టర్‌కు 45 నుంచి 50 మిల్లీలీటర్లు పడితే, స్టోన్‌కు 28 నుంచి 30 చాలు. నీళ్లు ఎక్కువైన కొద్దీ నమూనా బలహీనమవుతుంది. కంటి అంచనా పనికిరాదు. వంటింటి తూకం కాకుండా ఈ పనికే వేరుగా ఒక డిజిటల్ తూకం, ఒక కొలత గ్లాసు పెట్టుకోండి. నీళ్లలో పిండి చల్లాలి, పిండిలో నీళ్లు పోయకూడదు. ఒక నిమిషం కలిపి, అచ్చును బల్ల మీద మెల్లగా తడుతూ ఒక మూల నుంచి పోస్తే గాలి బయటికి పోతుంది. మధ్యలో గుమ్మరిస్తే పన్ను కొన దగ్గర బుడగ మిగులుతుంది, ఆ నమూనా వృథా.

అచ్చుకు సిలికాన్ వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. ప్లాటినమ్ రకం సిలికాన్ గంధకం తగిలితే గట్టిపడదు. కొన్ని మోడలింగ్ మట్టిల్లో, లేటెక్స్ గ్లవుజుల్లో గంధకం ఉంటుంది. ఖరీదైన సిలికాన్ జిగటగా ఉండిపోయిందంటే ముందు అనుమానించాల్సింది గ్లవుజులనే.

ముప్పావు గంట నుంచి గంట తర్వాత నమూనాను అచ్చు నుంచి తీయవచ్చు. తీయగానే అది గట్టిగా ఉందనిపిస్తుంది గానీ, ఇంకా తడి ఉన్న జిప్సమ్‌కు ఆరినదాని బలంలో సగం కూడా ఉండదు. తొందరపడి ప్యాక్ చేస్తే దారిలో విరుగుతుంది, లేదా పెట్టె తెరిచేసరికి అట్టకు బూజు పట్టి ఉంటుంది. ఫ్యాను కింద కొన్ని రోజులు ఆరనివ్వండి. తూకం వేస్తే నిన్నటికీ ఇవాళ్టికీ బరువు తగ్గకపోతే ఆరినట్టు. కోస్తా జిల్లాల్లో వానాకాలం ఈ పని మరీ నెమ్మది. పిండి కూడా గాలిలోని తేమ పీల్చుకుని పాడవుతుంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచాలి, మొదట్లోనే పెద్ద బస్తా కొనకూడదు.

ఆరిన తర్వాత చిగుళ్లకు అక్రిలిక్ రంగు, పైన వార్నిష్. ఎంత వార్నిష్ వేసినా ఇది నీళ్లకు నిలిచే వస్తువు కాదు. జిప్సమ్ నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. "తడి బ్రష్‌తో రుద్దకండి" అని కాగితం మీద రాసి పెట్టెలో వేయకపోతే ఫిర్యాదు మీ దాకా వస్తుంది. త్రీడీ ప్రింటర్‌తో చేస్తే ఈ ఇబ్బంది లేదు కదా అంటారా? నిజమే. కానీ ద్రవ రెసిన్ ప్రింటర్లో గట్టిపడని రెసిన్ చర్మానికి హాని చేస్తుంది, దాన్ని కడగడానికి మండే స్వభావమున్న ఆల్కహాల్ కావాలి. పిల్లలు తిరిగే పడకగదిలో పెట్టే యంత్రం కాదది.

పిల్లలున్న ఇల్లు

ప్లాస్టర్ గట్టిపడుతూ వేడెక్కుతుంది. కొద్దిగా కలిపితే గోరువెచ్చగా ఉంటుంది, బకెట్టు నిండా కలిపితే చర్మం కాలిపోయేంత వేడి పుడుతుంది. 2007లో ఇంగ్లండ్‌లోని ఒక పాఠశాలలో 16 ఏళ్ల అమ్మాయి తన చేతుల అచ్చు తీయాలని బకెట్టు ప్లాస్టర్‌లో చేతులు పెట్టింది. అది గట్టిపడిపోయింది, చేతులు బయటికి రాలేదు. కాలిన గాయాలతో ఆమె చాలా వేళ్లు పోగొట్టుకుంది. సెలవుల్లో పిల్లలు "నేనూ సాయం చేస్తా" అంటారు. రంగులు వేయనివ్వండి, పెట్టెల మీద స్టిక్కర్లు అంటించనివ్వండి. కలిపే గిన్నె దగ్గరికి మాత్రం రానివ్వకండి. పొడి పని చేసేటప్పుడు మీరు మాస్కు పెట్టుకోండి. గిన్నె కడిగిన నీళ్లు సింకులో పోయకండి, పైపులోనే గడ్డకడుతుంది. బకెట్టులో పేరనిచ్చి పైనీరు వంచేసి, అడుగున మిగిలిన ముద్దను చెత్తలో వేయాలి.

ఎక్కడ ఆగాలి

వ్యాపారం కాస్త నిలదొక్కుకోగానే ఎవరో ఒకరు అడుగుతారు, "నమూనా చేస్తున్నారుగా, మా నాన్నగారికి పళ్ల సెట్టు చేసిపెట్టండి" అని. లేదా "మా అమ్మాయికి రాత్రి పెట్టుకునే గార్డు చేయండి" అని. అక్కడ ఆగాలి. నోట్లో పెట్టే ఏ వస్తువైనా వైద్యం కిందకి వస్తుంది. దానికి డెంటిస్టు ఉండాలి, 1948 నాటి డెంటిస్టుల చట్టం ప్రకారం డెంటల్ మెకానిక్కులకు కూడా రిజిస్ట్రేషన్ పుస్తకం ఉంది. మీ పెట్టె మీద "బోధన కోసం మాత్రమే, నోట్లో పెట్టరాదు" అని స్పష్టంగా అచ్చు వేయండి.

ఇంకో రకం పన్ను

పోస్టులో అమ్మేవాళ్లను ఎక్కువగా ఇరికించేది జి.ఎస్.టి. సరుకులు అమ్మే చిన్న వ్యాపారికి సొంత రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ చెబుతారు. అది నిజం. కానీ పార్సిల్ రాష్ట్రం దాటితే ఈ మినహాయింపు మామూలు సరుకులకు వర్తించదు, మొదటి అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాదులో కూర్చుని విజయవాడలోని క్లినిక్కుకు ఒక్క నమూనా పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. మనకు ఇంకా ఒకే ఊరిలా అనిపించినా చట్టానికి అలా కాదు. కాంపొజిషన్ పద్ధతి తీసుకుంటే రాష్ట్రం బయటికి అమ్మడానికే వీల్లేదు. అందుకని మొదటి ఏడాది సొంత రాష్ట్రానికే పరిమితమవడం, లేదా మొదట్లోనే రిజిస్టరై ప్రతి రిటర్నూ వేయడం, ఈ రెండింట్లో ఒకటి ముందే తేల్చుకోండి. బోధన నమూనాలు 9023 అనే హెచ్.ఎస్.ఎన్. శీర్షిక కిందకి వస్తాయి. రేటు ఆడిటర్ని అడిగి వేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, డబ్బులడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. పెట్టె మీద మీ పేరు, చిరునామా, ధర, తయారైన నెల, సంవత్సరం, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి.

ధర వేసేటప్పుడు పాడైనవాటిని మర్చిపోతారు. లెక్క కోసం ఒక్కో నమూనాకు సరుకు 120 రూపాయలు అనుకుందాం. పది పోస్తే 1200. రెండు బుడగలతో పోయి, ఒకటి దారిలో విరిగితే డబ్బులొచ్చేవి ఏడే. అంటే ఒక్కోటి 171 పడింది, ఇంకా మీ కూలి, రెండోసారి పంపిన పోస్టేజీ ఇందులో లేవు. డెలివరీ అప్పుడు డబ్బు తీసుకునే పద్ధతి మొదట్లో వద్దు. తీసుకోకుండా తిప్పి పంపితే రెండు వైపులా చార్జీ మీదే.

కొరియర్లు బరువుతోపాటు పెట్టె పరిమాణమూ చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం వాళ్ల మామూలు లెక్క. 30, 20, 15 కొలతల పెట్టెలో 600 గ్రాముల నమూనా పెడితే చార్జీ 1.8 కిలోలకు పడుతుంది. 20, 15, 12 పెట్టెలో సర్దగలిగితే అది 0.72. అందుకే నమూనా చెక్కే ముందే పెట్టె కొలత నిర్ణయించుకోవాలి. జిప్సమ్ నొక్కుడుకు తట్టుకుంటుంది గానీ వంపుకు, దెబ్బకు తట్టుకోదు. ముందుకు పొడుచుకొచ్చే సన్నని భాగాలు ఏవీ లేకుండా పీఠం గుండ్రంగా, మందంగా చేయండి. ప్యాక్ చేశాక చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు.

అమ్మకం మొదలుపెట్టేముందు రెండు పార్సిళ్లు మీ సొంత డబ్బుతో పంపండి. ఒకటి పక్క జిల్లాలోని అక్కకో చెల్లెలికో, ఒకటి రాష్ట్రం ఆ చివరనున్న స్నేహితురాలికో. లోపలున్నదేమిటో చెప్పకండి. తెరుస్తున్నప్పుడు వీడియో తీసి పంపమని మాత్రం అడగండి.